కొత్త ఆఫీసు మొగం ఎటు?

(మండల ఆఫీసుల కొత్త భవనం విషయమై దళితవాడ చర్చి ముందు జరిగిన సమావేశంలో స్థానిక ఉపాధ్యాయ కార్యకర్త ఒకరు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాము. - సం.)



నేను ఉపన్యాసం దంచడానికి రాలేదు. ఇంజినీరు గీసిన ఒక పటం గురించి మాట్లాడదామని వచ్చాను. మన కాలనీకీ తారురోడ్డుకూ మధ్యనున్న మూడెకరాల్లో మూడంతస్తుల ఆఫీసు కడతారంట. తాసీల్దారు, ఎంపీడీవో, వ్యవసాయం, ట్రెజరీ, అన్నీ ఒకే కప్పు కింద. శుక్రవారం గ్రామసభ. ఆ పటాన్ని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు. మనవాళ్లు ఎంతమంది చూశారో నాకు తెలియదు. నేను చూశాను, రెండుసార్లు చూశాను.

ఈ సంగతి బయటపడిన దగ్గర్నుంచీ మనలోనే రెండు మాటలు నడుస్తున్నాయి. "మన గడప ముందుకే ఆఫీసొస్తోంది, నోరు మూసుకోని ఉండండిరా" అని పెద్దవాళ్లు. "వద్దే వద్దు, ఇవాళ మూడెకరాలంటారు, రేపు కాలనీయే అంటారు" అని కుర్రాళ్లు. ఊళ్లో పెద్దమనుషులది మూడో మాట. అంత పెద్ద ఆఫీసు ఆ పల్లె పక్కన ఏందని, ఊరి నడిబొడ్డున కట్టమని పైకి అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీలో రాసిన కారణం వినండి. ప్రభుత్వ భవనం "పరిసరాలకు అనుగుణంగా" ఉండాలంట.

మంచి మాటే. నేనూ ఒప్పుకుంటా. కానీ ఎవరి పరిసరాలకు అనుగుణంగా?

మన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1984లో ప్రభుత్వం కరణాల, మునసబుల పెత్తనం రద్దు చేసేదాకా గ్రామంలో సర్కారు ఆఫీసు ఎక్కడుండేది? కరణంగారి ఇంటి అరుగు మీద ఉండేది. అడంగలు అక్కడే, పహణీ అక్కడే, పన్ను రశీదు అక్కడే. అది ఆయన ఇల్లు, ఆయన బజారు. మనవాళ్లు అరుగెక్కకూడదు. ఆ బజార్లో చెప్పులేసుకోని నడవకూడదు. మా నాయన బంజరు కాగితం కోసం మూడు నెలలు తిరిగాడు. ఎండలో చెట్టు కిందకూడా కాదు, చూరు నీడ పడే చోటుకి రెండడుగుల ఇవతల నిలబడేవాడినని చెప్పేవాడు. కాగితం కింద పడేస్తే వంగి తీసుకునేవాడు. ఆ ఆఫీసు ఆ బజారుకు చక్కగా అనుగుణంగానే ఉంది కదా! ఊళ్లోవాళ్లకు దాని ఎత్తు ఇబ్బంది లేదు, రంగు ఇబ్బంది లేదు, వాకిలి ఇబ్బంది లేదు. మనకే ఇబ్బంది.

1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చినాక ఆఫీసు కరణం అరుగు దిగింది. ఇది చిన్న సంగతి కాదు. కానీ దిగినా ఎంత దూరం వచ్చింది? ఎక్కువచోట్ల ఊరిలోనో, ఊరి పెద్దలు ఇచ్చామని చెప్పుకునే స్థలంలోనో ఆగింది. స్థలం ఇచ్చినవాడు గేటు దగ్గర కుర్చీ వేసుకోని కూర్చున్నాడు.

అందుకని కుర్రాళ్లతో నేను ఏకీభవించను. వద్దంటే ఆ ఆఫీసు ఆగదు, ఊళ్లోకి పోతుంది. మళ్లీ మన అమ్మలు పింఛను కాగితానికి ఆ బజారు దాటి పోవాలి. రానివ్వండి. మన పక్కకే రానివ్వండి. అయితే పటంలో ఉన్నట్టు మాత్రం రానివ్వొద్దు.

పటంలో ఏముందో చెప్తా. రోడ్డు మనకు ఉత్తరాన ఉంది. భవనం మొగం ఉత్తరానికి. పోర్టికో, పూలకుండీలు, జెండా దిమ్మె, ఆఫీసర్ల గదులు అటు. దక్షిణాన మనం. మనవైపు ఏమున్నాయంటే మరుగుదొడ్లు, వాటి సెప్టిక్ ట్యాంకు, జనరేటరు షెడ్డు, చెత్త పోసే తొట్టి. ఏసీ మిషన్ల వేడిగాలి వదిలే డబ్బాలన్నీ మనవైపు గోడకే. చుట్టూ ఏడడుగుల ప్రహరీ. గేటు ఒక్కటే, రోడ్డువైపు. ఇప్పుడు ఆ చేలో నుంచి రెండు నిమిషాల్లో మన పిల్లలు బడికి పోతున్నారు. గోడ లేస్తే తుమ్మలు చుట్టి, కాలవగట్టు మీదుగా పోవాలి. ఆఫీసు గోడ పక్కనే ఉంటుంది, ఆఫీసులోకి పోవాలంటే ఊరు చుట్టి పోవాలి.

పూర్వం ఊరు కట్టినవాడు గాలివాటు చూసి, నీటివాటు చూసి మనల్ని చివర పెట్టాడు. మన మీద నుంచి వచ్చే గాలి వాళ్లకు తగలకూడదు, వాళ్లు వాడిన నీళ్లు మాత్రం మన మీదకు రావాలి. ఈ పటం గీసిన కుర్రాడికి అదేమీ తెలియకపోవచ్చు. చదువుకున్న పిల్లాడు, మర్యాదగానే మాట్లాడాడు. కానీ చేతికి అలవాటైన గీత అదే గీసింది. మొగం రోడ్డుకి, వీపు పల్లెకి.

"ఇది టైపు డిజైను మాష్టారూ, పైనుంచి వచ్చింది, మా చేతిలో లేదు" అన్నాడు. టైపు డిజైనంటే ఒకే పటం అన్నిచోట్లా కట్టడం. తెలంగాణలో 2016లో కొత్త జిల్లాలు చేసినాక కలెక్టరు ఆఫీసులన్నీ ఇంచుమించు ఒకే నమూనాలో లేచాయి. సిద్దిపేటలో, కామారెడ్డిలో 2021లో తెరిచారు, తర్వాత మిగతా జిల్లాల్లో. ఒకే పటమైతే ఖర్చు లెక్క తేలిక, పని తేలిక, కాదనను. కానీ పటం ఒకటే అయినా నేల ఒకటి కాదు గదా. ఒకచోట రాయి, ఒకచోట నల్లరేగడి, ఇంకోచోట పక్కనే నూటయాభై ఇళ్లు.

నేను ఆ పిల్లాణ్ణి అడిగి పటాన్ని బల్లమీద పరిచి, తలకిందులుగా తిప్పాను. "బాబూ, ఒక్క గీత కూడా మార్చొద్దు, కాగితం మాత్రం తిప్పు" అన్నాను. పొడుగు గోడలు అప్పుడూ ఉత్తర దక్షిణాలకే ఉంటాయి, కాబట్టి పడమటి ఎండ కొట్టేది పొట్టి గోడకే. లోపల వేడి పెరిగే బాధ లేదు. కానీ వాకిలి మనవైపు వచ్చింది. వాడు నవ్వాడు. "రోడ్డుకి వీపు పెడితే మంత్రిగారొచ్చినప్పుడు బాగుండదు సార్" అన్నాడు. అదీ సంగతి. మంత్రిగారు ఏడాదికొకసారి వస్తాడు. మనం రోజూ ఉంటాం.

సరే, రోడ్డుకు వీపు పెట్టమని నేను పట్టుబట్టను. రెండు మొగాలు పెట్టమంటున్నా. రోడ్డువైపు ఒక వాకిలి, మనవైపు ఒక వాకిలి, మధ్యలో అందరూ నడిచే దారి. మన పిల్లలు బడికి పోయే దారి ఆ ఆఫీసు నడవలోనుంచే పోనివ్వండి. పదేళ్ల పిల్ల రోజూ తాసీల్దారు గది ముందునుంచి పుస్తకాల సంచితో నడిచిపోతే, ఆ పిల్లకు రేపు ఆ గది గడపంటే భయముండదు. మా నాయనకుండిన భయం అది.

దీన్ని మనం కొత్తగా అడగడం లేదు. 1923లో బొంబాయి శాసనమండలిలో బోలే తీర్మానం అయింది. సర్కారు డబ్బుతో కట్టిన బావులు, చెరువులు, బడులు, కోర్టులు, ఆఫీసులు, ఆస్పత్రులు అంటరానివాళ్లకు తెరవాలని ఆ తీర్మానం. 1924లో మహాడ్ మునిసిపాలిటీ తన చెరువు తెరిచామని కాగితం మీద రాసుకుంది. కాగితం మీదే. 1927 మార్చి 20న బాబాసాహెబు వేలమందితో నడిచిపోయి నీళ్లు ముట్టేదాకా ఆ చెరువు తెరుచుకోలేదు. ముట్టినందుకు కొట్టారు, తర్వాత చెరువుకు శుద్ధి చేశారు. మనవాళ్లు చెరువు ఒక్కటే గుర్తు పెట్టుకుంటారు. ఆ తీర్మానంలో ఆఫీసులు కూడా ఉన్నాయి. ఆఫీసు తలుపు తెరిచి ఉన్నంతమాత్రాన సరిపోదు, అది ఎక్కడుందో, దాన్దాకా దారుందో లేదో కూడా చూసుకోవాలి.

చుండూరు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికారు. చుండూరోళ్లు తర్వాత పట్టుబట్టి సాధించుకున్నది ఏంది? కోర్టు మా ఊళ్లోనే కూర్చోవాలన్నారు. సాక్షులు ఎక్కడికో భయపడుతూ పోవడం కాదు, కోర్టే మా దగ్గరికి రావాలన్నారు. ఎదుటివాళ్లు అడ్డుపడ్డారు. అయినా ప్రత్యేక కోర్టు చుండూరులో కూర్చుంది, 2007 జులై 31న తీర్పు చెప్పింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది, ఆ గాయం వేరే. కానీ ఆ బీదసాక్షులు తమ ఊళ్లో నిలబడి, తమ నోటితో చెప్పగలిగారు. సర్కారు ఎక్కడ కూర్చుంటుందనేది ఇంత పెద్ద సంగతి.

ఇక గోడ. "గోడేగా మాష్టారూ" అన్నాడు మన వార్డు మెంబరు. తమిళనాడులో మదురై జిల్లా ఉత్తపురంలో దళితుల ఇళ్లను వేరుచేస్తూ 1989-90లో ఒక గోడ కట్టారు. దాంట్లో కొంత పడగొట్టించడానికి 2008 మే దాకా పట్టింది. మేట్టుపాళయం దగ్గర నడూరులో 2019 డిసెంబరు 2న వాన రాత్రి ఒక ప్రైవేటు ప్రహరీ దళితుల ఇళ్ల మీద కూలింది. 17 మంది చచ్చిపోయారు. వీటిని సర్కారు కట్టలేదు, నిజమే. కానీ గోడకు కులముంటుందని, ఎత్తైన గోడ పక్కన తక్కువ ఇళ్లుంటే వానకు ఏమవుతుందని మనం నేర్చుకోవాలా వద్దా? మనవైపు నడుమెత్తు గోడ చాలు. పైన ఇనప వల వేసుకోమనండి. ఫైళ్లు ఎవరెత్తుకుపోతారు?

ఇప్పుడు నీళ్ల సంగతి. నాకు దీనిమీదే నిద్ర పట్టలేదు.

ఆ చేను పల్లం. రోడ్డు మీది నీళ్లు దాంట్లో పడి, మెల్లగా మన పక్కనుంచి మురుగు కాలవలో కలుస్తాయి. ఆఫీసు కట్టేవాళ్లు దాన్ని నాలుగడుగులు మట్టితో లేపుతామని అంచనాలో రాశారు. లేపితే ఆఫీసు మునగదు. మునిగేదెవరు? లెక్క వేద్దాం, లెక్కల మాష్టారుని గదా. పదివేల చదరపుటడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే తొమ్మిదివేల లీటర్ల పైచిలుకు నీళ్లు దిగుతాయి. తుపానులో పది సెంటీమీటర్లు పడిందనుకోండి, తొంబైవేల లీటర్ల పైమాట. ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పద్దెనిమిది. ఇది కప్పు ఒక్కదానిది. చుట్టూ సిమెంటు చేసిన నేలదీ, బళ్లు పెట్టే చోటుదీ వేరే. ఇప్పుడు ఆ నేల తాగుతున్న నీళ్లను రేపు సిమెంటు తాగదు. ఆ పద్దెనిమిది ట్యాంకర్లు ఎవరి పొయ్యిలోకి పోతాయో చెప్పండి.

దీనికి మందు లేకపోలేదు. చేనంతా లేపొద్దు. భవనం మాత్రం పునాది ఎత్తు పెంచి కట్టుకోవచ్చు, చుట్టూ నేల ఉన్నట్టే ఉంచొచ్చు. కప్పు నీళ్లు గొట్టాల్లో దింపి గుంటల్లోకి ఇంకనివ్వొచ్చు, మిగిలినవి మన ఇళ్ల మీదికి కాకుండా పక్కా కాలవతో మురుగు కాలవ దాకా పంపొచ్చు. ఆ కాలవ భవనం కంటే ముందు తవ్వాలి. తర్వాత అంటే ఎప్పుడూ కాదు. మన సీసీ రోడ్డుకు కాలవ తర్వాత అన్నారు, ఎన్నేళ్లయింది?

ఇంకో సంగతి, ఇది మా ఇంట్లోవాళ్లు చెప్పేదాకా నా బుర్రకు తట్టలేదు. మగబుద్ధి. మూడంతస్తుల మీద కిటికీలు మనవైపు ఉంటే, మెట్లమీద బీడీ కాల్చుకోడానికి నిలబడ్డవాడికి మన దొడ్లన్నీ కనపడతాయి. మనకు సగం ఇళ్లలో స్నానం తడికల చాటునే గదా, పైకప్పు ఎక్కడుంది? మొన్న మీటింగులో ఒకత్త లేచి "ఇక మేం చీకటితోనే పోసుకోవాలా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. జవాబు పటంలోనే ఉంది. మూడంతస్తులూ రోడ్డువైపు పెట్టి, మనవైపు దిగేకొద్దీ రెండు, ఒకటి అంతస్తులుగా తగ్గించుకుంటూ రావచ్చు. మనవైపు పై కిటికీలు మనిషి తల కంటే ఎత్తున పెడితే వెలుతురొస్తుంది, చూపు రాదు. అప్పుడు మన పెంకుటిళ్ల మీద కొండలాగా కూడా కూర్చోదు. ఈ మాట గ్రామసభలో ఆడవాళ్లే చెప్పాలి. మేం చెప్తే నవ్వులాట చేస్తారు.

పెద్ద భవనం ఇలా వంగి కూర్చోడం కుదురుతుందా అని అడుగుతారు. తిరువనంతపురంలో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అని ఒకటుంది. 1970ల మొదట్లో లారీ బేకర్ అనే ఆయన కట్టాడు. ఇంగ్లండులో పుట్టి ఇక్కడే ఉండిపోయిన మనిషి. టీచర్లతో కలిసి ఆ వూరు పోయినప్పుడు చూశాను. నేలను చదును చేయలేదు, వాలు ఎలా ఉంటే అలా కట్టుకుంటూ పోయాడు. చెట్టు అడ్డమొస్తే గోడను వంచాడు. పూత లేని ఇటుక, గోడలో ఇటుకల మధ్య చిల్లులు వదిలి గాలీ వెలుతురూ రానిచ్చాడు, కన్ను మాత్రం అవతలకు పోదు. ఖర్చూ తక్కువే. అది చదువుకున్నవాళ్ల సంస్థే, కూలోళ్ల కోసం కట్టింది కాదు. అయినా పని పనే, నేర్చుకోవచ్చు. మన చేలో రెండు వేపచెట్లు, రావిచెట్టు ఉన్నాయి. పటంలో వాటి చోట కార్లున్నాయి. అర్జీ పట్టుకోని వచ్చిన ముసలమ్మ ఎక్కడ కూర్చోవాలి, కార్ల కిందా? ఆ చెట్ల కింద రాతి అరుగులు వేయించండి. అరుగంటున్నా, చూడండి. ఈసారి మనం కూర్చునే అరుగు.

నడవలేనివాళ్ల కోసం ర్యాంపు ఉండాలని 2016 చట్టం ఉంది. ఉంటుంది పటంలో, నిటారుగా ఉంటుంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలి. మూడడుగుల అరుగైతే ముప్పై ఆరడుగులు. కొలుచుకోండి. మంచినీళ్ల కుళాయి బయట, అందరికీ ఒకటే. ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం వేసి చెవి అటెండరు జేబులో పెట్టే పద్ధతి కుదరదు.

మన కుర్రాళ్లు ముందు బాబాసాహెబు విగ్రహం పెట్టించాలంటున్నారు. పెట్టాలి, నేనూ చందా ఇస్తా. 2023లో తెరిచిన హైదరాబాదు సచివాలయానికి ఆయన పేరే పెట్టారు, పక్కనే 125 అడుగుల విగ్రహం. విజయవాడలో 2024లో మరొకటి. చూసి గుండె నిండింది, అబద్ధం చెప్పను. కానీ తమ్ముళ్లూ, గ్రామసభలో మనం విగ్రహం అడిగితే వెంటనే సరేనంటారు, చప్పట్లు కొడతారు, సభ ముగిసిపోతుంది. కాలవ సంగతి ఎవడూ ఎత్తడు. కాబట్టి శుక్రవారం ముందు కాలవ, దారి, కిటికీలు. విగ్రహం మనమే పెట్టుకుందాం. రంగుల గొడవ కూడా ఎత్తొద్దు. పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేశారని 2020లో కేసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టు దాకా పోయింది, రంగులు తీయించారు. మంచిదే. కానీ ఆఫీసు వెనక మురుగు ఎటు పోతుందని ఏ పెద్దమనిషైనా కోర్టుకు పోయాడా?

భూమి మాట కూడా ఉంది. ఆ మూడెకరాల్లో మన నాలుగు కుటుంబాల డీ పట్టా ముక్కలున్నాయి. "అది సర్కారు భూమే, ఇచ్చినోళ్లే తీసుకుంటున్నారు, చిల్లర ఏదో ఇస్తారు" అని వీఆర్వో అన్నాడంట. ఆ మాట చెల్లదు. మేకల పాండు కేసులో 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది, అసైన్డు భూమి సర్కారు తీసుకుంటే సొంత పట్టాదారుకిచ్చినట్టే మార్కెట్ విలువ కట్టి ఇవ్వాలని. ఆ నాలుగు కుటుంబాలవాళ్లు ఏ తెల్లకాగితం మీదా వేలిముద్ర వేయొద్దు. డీ పట్టాల నకళ్లు రేపు సాయంత్రానికి నాకివ్వండి. పటం, అంచనా కాపీలకు సమాచార హక్కు కింద దరఖాస్తు నేను రాసి పెట్టాను. దారిద్ర్యరేఖ కింద ఉన్నవాళ్ల పేరుమీద పెడితే రుసుము లేదు, కాబట్టి నా పేరుమీద కాదు, మీలో ఒకరి పేరుమీద పోవాలి.

ఇంజినీరు గురువారం పొద్దున చేలో ముగ్గు పోసి హద్దులు చూపిస్తానన్నాడు. ఆరింటికల్లా కాలనీ నుంచి ఇంటికొకరు రండి, కూలి పోతుందని తెలుసు, ఒక్కపూట. ఆ ముగ్గు మీద మనమూ ముగ్గు పోద్దాం. పిల్లలు బడికి పోయే దారి ఎక్కడ తొక్కుడుపడి ఉందో అక్కడ రెండు గీతలు. వేపచెట్ల చుట్టూ ఒక గీత. పోయిన తుపానులో మీ మీ ఇళ్లలోకి నీళ్లు ఎంతెత్తు వచ్చాయో గోడల మీద బొగ్గుతో గీసి ఉంచండి, ఆయన్ని తీసుకొచ్చి చూపిద్దాం. మాటలకంటే ఆ గీతను ఆయన టేపుతో కొలవడం మేలు. ముగ్గుపిండి నేను తెస్తా. పొడుగాటి తాడు ఎవరింట్లో ఉందో చెప్పండి.